డాబా మీద తెల్ల హైబ్రిడ్ టీ గులాబీ: మాడే అంచులు, గులాబీ చుక్కలు, పూయని పొడుగు కొమ్మ

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. హైదరాబాద్‌లో డాబా మీద 12 అంగుళాల కుండీ. అందులో కడియం వైపు నర్సరీ నుంచి వచ్చిన తెల్ల గులాబీ, రకం పేరు తెలియదు. తెచ్చిన చలికాలంలో రెండు మూడు పెద్ద పూలు పూసింది. తర్వాత వచ్చే మొగ్గల అంచులు గోధుమరంగుకు తిరిగి మాడుతున్నాయి, కొన్ని విచ్చుకోకుండానే ముడుచుకుపోతున్నాయి, రేకుల మీద చిన్న చిన్న గులాబీ రంగు చుక్కలు వస్తున్నాయి. మొక్క అడుగు భాగం నుంచి ఒక కొమ్మ నాలుగడుగులు పెరిగింది కానీ పూత లేదు. ఏ ఎరువు వేస్తే సంక్రాంతికి మంచి పూలు వస్తాయని అడిగారు.

వీటిలో ఒక్కటి కూడా ఎరువుతో పోయేది కాదండి. పైగా ఇప్పుడు ఎరువు పెంచితే మొదటి రెండు సమస్యలు ఎక్కువవుతాయి. ఎర్ర గులాబీలో కంటికి ఆనని గీత కూడా తెల్ల రేకు మీద కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పువ్వు విచ్చాక దాన్ని బాగుచేసే మందేదీ లేదు. మొగ్గ శనగగింజంత ఉన్నప్పుడు చూసుకోవలసినవి కొన్ని, కొమ్మలు కత్తిరించే రోజునే చూసుకోవలసినవి కొన్ని. అందుకే పువ్వు దగ్గర కాకుండా కింద నుంచి మొదలుపెడదాం.

ముందు ఆ పొడుగు కొమ్మ సంగతి తేల్చండి. ఇది ఆలస్యం చేసే పని కాదు. నర్సరీలో అమ్మే హైబ్రిడ్ టీ (కాడకు ఒక్కో పెద్ద పువ్వు పూసే గులాబీ) మొక్కలన్నీ దాదాపుగా అంటు మొక్కలే. కింద వేళ్లు ఒక నాటు గులాబీవి, పైన కన్ను (చిగురు పుట్టే మొటిమ) తెచ్చి అంటు కట్టిన తెల్ల రకం. కుండీ పైమట్టిని వేళ్లతో కొంచెం పక్కకు తోసి చూస్తే కాండం మీద ఒకచోట ఉబ్బుగా, వంకరగా కనిపిస్తుంది. అదే అంటు కట్టిన చోటు. మీ పొడుగు కొమ్మ దానికి పైనుంచి వచ్చిందా, కిందినుంచా అన్నదే చూడాలి. ఆకుకు ఏడు చిట్టి ఆకులుంటే నాటు కొమ్మ, ఐదుంటే మంచి కొమ్మ అని చాలామంది చెబుతారు. అది నమ్మకండి. మంచి హైబ్రిడ్ టీ కొమ్మకు కూడా ఏడు ఆకులు రావచ్చు. ఎక్కడ పుట్టిందన్నదే అసలు గుర్తు.

కిందినుంచి వస్తే అది నాటు పిలక. దాన్ని పైన కత్తిరిస్తే మొదట్లో మిగిలిన కళ్ల నుంచి మళ్లీ రెండు మూడు లేస్తాయి. మట్టి తీసి, అది పుట్టిన చోటు దాకా వెళ్లి, చేతికి తోలు గ్లౌజు వేసుకుని కిందికి లాగి పీకేయాలి. గట్టిపడి రాకపోతే కాండానికి ఆనించి పదునైన చాకుతో చెక్కేయండి. వదిలేస్తే ఒకటి రెండేళ్లలో నాటు మొక్క బలమంతా లాగేసుకుంటుంది, అంటు ఎండిపోతుంది. ‘మా తెల్ల గులాబీ చిన్న గులాబీ రంగు పూలు పూస్తోంది’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. మొక్క రంగు మారదు, మొక్కే మారిపోతుంది.

అంటుకు పైనుంచి, ఎర్రగా నిగనిగలాడుతూ బొటనవేలి లావున లేచిన కొమ్మ అయితే మాత్రం చేయి పెట్టకండి. వచ్చే రెండేళ్లు పెద్ద పూలు ఇచ్చేది అదే. దానికి ఒక వెదురు పుల్ల ఊతం కట్టి వదిలేయండి. అంటు చోటు మట్టిలో కూరుకుపోయి ఉంటే పైమట్టి తీసి, అది మట్టికి ఒకటిన్నర రెండు అంగుళాలు పైన ఉండేలా చేయండి. మంచు పడే దేశాల వాళ్లు దాన్ని మట్టిలో పూడ్చమంటారు, అది చలి నుంచి కాపాడుకోవడానికి. మన వేడికి, మన వానలకు అది పైకి ఉండాల్సిందే. లేకపోతే అక్కడే కుళ్లు పుడుతుంది.

ఇక మాడే అంచులు. ఇది తామర పురుగుల పని. తెలుపు, పసుపు లాంటి లేత రంగు పూలకు ఇవి మరీ ఎక్కువగా చేరతాయి. సుమారు ఒక మిల్లీమీటరు పొడవే ఉంటాయి, లేత పసుపు రంగు. తెల్ల రేకు మీద ఉన్నా కనపడవు. అందుకని నల్లటి కాగితమో, నల్లటి ప్లేటో తీసుకుని, సగం విచ్చిన మొగ్గను దాని మీద రెండు మూడుసార్లు గట్టిగా తట్టండి. నూలు పోగు ముక్కల్లాంటివి పడి కదలడం మొదలుపెడతాయి. మొగ్గను చీల్చి రేకుల అడుగున చూసినా దొరుకుతాయి. ఇవి రేకు పైపొరను గీరి రసం పీలుస్తాయి. మొగ్గ లోపల ఒకదానిమీద ఒకటి అంటుకుని ఉన్న రేకుల అంచులే వాటికి దొరికేవి. అందుకే పువ్వు మధ్యలో కాకుండా అంచుల్లో గోధుమ గీత పడుతుంది, గట్టిగా గీరితే పువ్వు విచ్చుకోదు. లేత చిగుళ్లు ముడుచుకుని రాగి రంగుకు తిరుగుతున్నాయంటే మిరప తోటల్లో పడే తామర పురుగు కూడా ఉన్నట్టే.

మందు కొట్టినా పని చేయలేదని చాలామంది అంటారు. కారణం సమయం. పూర్తి మొగ్గ మీద పైపైన కొడితే లోపలున్న పురుగును అది తాకదు. కొన్ని పిల్ల పురుగులు పైమట్టిలోకి, రాలిన ఆకుల్లోకి దిగి రెక్కలొచ్చాక మళ్లీ పైకి వస్తాయి. వేడి రోజుల్లో ఈ చక్రం రెండు మూడు వారాల్లో పూర్తవుతుంది. కాబట్టి ఇలా చేయండి:

ఇప్పుడు మాడిన మొగ్గలు, పూలు అన్నీ కోసి కవరులో మూటకట్టి పారేయండి. కుండీలో, కుండీ పక్కన పడేయవద్దు. రాలిన ఆకులు ఏరేసి, పైమట్టి అంగుళం మందం తీసేసి కొత్త మట్టి, పిడికెడు వేపపిండి వేయండి. కొత్త మొగ్గలు శనగగింజంత ఉన్నప్పుడు మొదటిసారి, ఆకుపచ్చ తొడుగు విడి తెలుపు గీతలాగా కనిపించే లోపు చివరిసారి వేపనూనె కొట్టండి. లీటరు నీటికి 5 మి.లీ. నూనె, అది కలవడానికి 1 మి.లీ. ద్రవ సబ్బు. ఎండ తగ్గాక, సాయంత్రం మాత్రమే. ఐదారు రోజులకోసారి మూడు విడతలు. ఉధృతి ఎక్కువుంటే స్పైనోసాడ్ 45 ఎస్‌సీ అనే పురుగుమందు లీటరుకు 0.3 మి.లీ., వరసగా రెండుసార్లకు మించకుండా. ఇంకా తగ్గకపోతే అదే మందు పెంచడం కాదు, మందు మార్చాలి, లేకపోతే పురుగు దానికి అలవాటు పడుతుంది. స్పైనోసాడ్ తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకు ప్రమాదం, కాబట్టి అవి తిరగని పొద్దు వాలాకే కొట్టాలి. గ్లౌజు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఇలాంటి మందు కొట్టిన మొక్క రేకులతో గుల్కంద్ చేయకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. మొక్కల పక్కన నీలం లేదా పసుపు జిగురు అట్ట ఒకటి వేలాడదీస్తే పురుగు ఎంత ఉందో తెలుస్తుంది. దానితోనే అదుపులోకి వస్తుందని మాత్రం అనుకోవద్దు.

గులాబీ చుక్కలు వేరే సంగతి. రేకు మీద అక్కడక్కడ చుక్కలు, దగ్గరగా చూస్తే ఒక్కో చుక్క చుట్టూ ముదురు అంచు ఉంటే అది బొట్రైటిస్ అనే బూజు. రాత్రంతా రేకు తడిగా ఉండి, గాలి ఆడకపోతే వస్తుంది. సెప్టెంబరు ముసురులో తెల్ల గులాబీలన్నింటికీ ఇది కాస్తో కూస్తో తప్పదు. మొగ్గ బయటి రేకులు తడిసి ఒకదానికొకటి అతుక్కుని, ఎండకు అట్టలా గట్టిపడి లోపలి పువ్వును బంధించేస్తే మొగ్గ అలాగే కుళ్లిపోతుంది. మీ ముడుచుకుపోయే మొగ్గల్లో కొన్ని ఈ కోవకే చెందుతాయి. దీనికి మందు కంటే శుభ్రత ఎక్కువ పని చేస్తుంది. వాడిన పువ్వును ఒక్క రోజు కూడా మొక్క మీద ఉంచకండి, నీళ్లు పొద్దున్నే మొదట్లో పోయండి, కుండీల మధ్య అడుగున్నర ఎడం ఉంచండి, ముసురు రోజుల్లో కుండీని ఎండా గాలీ తగిలే సన్‌షేడ్ కిందికి జరపండి. కుండీలో పెంచడంలో ఉన్న పెద్ద సౌకర్యమే అది.

చుక్కలు కాకుండా బయటి రేకులంతా లేతగా గులాబీ ఛాయ తిరిగితే, అదీ డిసెంబరు, జనవరి చలిలో అయితే, భయపడనక్కర్లేదు. చలికి కొన్ని తెల్ల రకాల్లో ఆ రంగు సహజంగానే వస్తుంది.

మొక్క కూర్చున్న మట్టి గురించి కొంత వివరంగా చెప్పాలి. నర్సరీ మొక్కలు చాలావరకు జిగట ఎర్రమట్టి ముద్దతో వస్తాయి. దూర ప్రయాణంలో వేరు ఎండకుండా అది కాపాడుతుంది. అదే ముద్దను అలాగే కుండీలో దింపి చుట్టూ వదులు మట్టి పోస్తే, పోసిన నీళ్లు చుట్టూ జారి అడుగునుంచి పోతాయి, ముద్ద లోపల ఎండే ఉంటుంది. లేదా ముద్ద ఒకసారి నానాక వారం రోజులు ఆరదు. రెండింట్లోనూ వేరు బయటికి రాదు. మీ మొక్కకు ఏడాది కావస్తోంది కాబట్టి కత్తిరింపు రోజున కుండీలోంచి తీసి చూడండి. ముద్ద ఇంకా గట్టిగా ఉంటే బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, చుట్టూ ఉన్న జిగట మట్టిని మూడో వంతు మెల్లగా కడిగేసి కొత్త మట్టిలో పెట్టండి. మొత్తం కడిగి వేళ్లు బోసిగా చేయడం మన వాతావరణంలో ప్రమాదం.

కుండీ 14 అంగుళాలకు మార్చండి. మిశ్రమం రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక. డాబా మీద బరువు సమస్య అయితే ఇసుకలో సగం బదులు కడిగిన కొబ్బరిపొట్టు. దీనికి 100 గ్రాముల వేపపిండి, 50 గ్రాముల ఎముకల పిండి. పశువుల ఎరువును చేతిలో నలిపితే పొడిగా, వాసన లేకుండా ఉండాలి. పచ్చిది వేస్తే వేరు మాడుతుంది, వేరుపురుగులూ వస్తాయి. కుండీ అడుగు రంధ్రాలు నేలకు ఆనుకోకుండా కింద ఇటుక ముక్కలు పెట్టండి. నేలలో నాటేవాళ్లకు రెండడుగుల గుంత, ఒక్కో మొక్కకు 8–10 కిలోల ఎరువు, మొక్కకు మొక్కకు రెండున్నర అడుగులు. నల్లరేగడి అయితే గుంతలో కాకుండా అడుగు ఎత్తు మడి కట్టి నాటాలి.

నీళ్లు ఇన్నిరోజులకోసారి అని లెక్క పెట్టుకోవద్దు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి. పొడిగా తగిలితే అడుగునుంచి కారేదాకా పోయండి, తడిగా ఉంటే ఆగండి. హైదరాబాద్ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఏడాది తిరిగేసరికి కుండీ మట్టి క్షారం వైపు జరుగుతుంది. గులాబీకి కావలసింది పీహెచ్ (మట్టి పులుపు, క్షారం కొలత) 6 నుంచి 7 లోపు. క్షారం పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అదే గుర్తు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 2–3 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీటిలో కలిపి ఆకుల మీద వారానికోసారి రెండు మూడుసార్లు కొట్టండి. మొగ్గ తెల్లబడక ముందే కొట్టాలి, రేకు మీద పడితే తుప్పు మరక పోదు. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు.

ఇదే కారణంతో కట్టెల బూడిద, కోడిగుడ్డు పెంకుల పొడి మీ కుండీలో వేయవద్దని గట్టిగా చెబుతాను. రెండూ మట్టిని ఇంకా క్షారం వైపు నెడతాయి. బోరు నీళ్లతో వచ్చే సున్నమే కావలసినదానికంటే ఎక్కువ.

ఎరువు మితంగా చాలు. కొత్త చిగుళ్లు రెండంగుళాలు అయ్యాక 100 గ్రాముల పల్లి చెక్క లీటరు నీటిలో మూడు నాలుగు రోజులు నానబెట్టి, వడకట్టి, పదింతలు నీళ్లు కలిపి కుండీకి అర లీటరు, రెండు వారాలకోసారి. మొగ్గ కనిపించే ముందు నుంచి పొటాష్ కావాలి. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 5 గ్రాములు తడి మట్టిలో, అంచు వైపు చల్లి నీళ్లు పోయండి. మొగ్గ రంగు చూపాక ఏ ఎరువూ వద్దు. యూరియా అసలే వద్దు. దానితో ఆకు పెద్దదై, కొమ్మ మెత్తబడి, పువ్వు బరువుకు మెడ వంగిపోతుంది, బూడిద తెగులు ముందుగా అలాంటి చిగుళ్లకే పడుతుంది.

సంక్రాంతి పూలను నిర్ణయించేది కత్తిరింపు తేదీ. మన దగ్గర హైబ్రిడ్ టీకి కొమ్మ కత్తిరించిన రోజు నుంచి పువ్వు విచ్చేదాకా సుమారు 45 నుంచి 50 రోజులు పడుతుంది, చలి ముదిరితే ఇంకో వారం. హైదరాబాద్‌లో వానలు తగ్గాక అక్టోబరు రెండో వారంలో కత్తిరిస్తే నవంబరు చివర్లో మొదటి కాపు, ఆ పూలు కోశాక జనవరి మధ్యలో రెండో కాపు వస్తుంది. సంక్రాంతికి మీకు కావలసింది ఈ రెండో కాపు, సాధారణంగా అది మొదటిదానికంటే బాగుంటుంది. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లు అక్టోబరు ఆఖరుదాకా ఆగడం మంచిది. అక్కడ తుపాను వానలు అక్టోబరు రెండో వారానికి ఇంకా వదలవు, కొత్త గాయాల మీద వాన పడితే కొమ్మలు ఎండుతాయి.

ముందు ఎండిన, లోపలికి పెరిగిన, పెన్సిలు కంటే సన్నగా ఉన్న కొమ్మలు మొదట్లోకి తీసేయండి. బలమైనవి మూడు నుంచి ఐదు మాత్రం, ఒక్కోటి అడుగున్నర ఎత్తులో ఉంచండి. మొక్క బక్కగా ఉంటే అడుగుకు తగ్గించకండి. కత్తిరించేది బయటివైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, కన్ను ఉన్న వైపు ఎత్తుగా, అవతలికి కొంచెం వాలుగా. కన్నుకు మరీ దగ్గరైతే కన్ను ఎండుతుంది, మరీ పైన అయితే మిగిలిన మోడు ఎండుతూ కిందికి దిగుతుంది. కోసిన చోట మధ్య గుజ్జు తెల్లగా ఉండాలి. గోధుమరంగు కనిపిస్తే తెలుపు వచ్చేదాకా ఇంకా కిందికి కోయండి. కత్తెరను కోతకు కోతకు మధ్య స్పిరిట్‌తో తుడవండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందును కాసిని నీళ్లతో చిక్కటి పేస్టులా చేసి అదే రోజు ప్రతి గాయానికీ పూయండి. కొమ్మ ఎండు తెగులు వచ్చాక చేసే వైద్యం కంటే ఈ పూత చాలా తేలిక.

హైబ్రిడ్ టీ అందం కొమ్మకు ఒక్క పువ్వులో ఉంది. నడిమి మొగ్గ పక్కన ఒకటి రెండు చిన్న మొగ్గలు వస్తే అవి మిరియం గింజంత ఉన్నప్పుడే వేలితో పక్కకు వంచి తుంచేయండి. పెద్దవయ్యాక తుంచితే మచ్చ పడుతుంది, అప్పటికే నడిమి మొగ్గ బలం పోయి ఉంటుంది. మొగ్గ లేకుండా ఆగిపోయిన గుడ్డి కొమ్మలు వస్తే సగానికి కోయండి, కింది కన్ను నుంచి పూత కొమ్మ వస్తుంది. పువ్వు కోసేటప్పుడు బయటికి చూసే, ఐదు చిట్టి ఆకులున్న ఆకుకు పైన కోయాలి. మొక్క చిన్నది కాబట్టి ఈ ఏడాది పొడుగు కాడలు కోయకండి. ఆకు పోయినకొద్దీ వచ్చే కాపు చిన్నదవుతుంది. కోసేది పొద్దున్నే, ఆకుపచ్చ తొడుగు కిందికి వాలి బయటి రేకు ఒకటి రెండు విడిన దశలో.

ఆకు తెగుళ్లు క్లుప్తంగా. అంచు చిందరవందరగా ఉన్న నల్లమచ్చ, చుట్టూ పసుపు అయితే నల్లమచ్చ తెగులు: ఆకులు ఏరేయండి, మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, పది రోజులకోసారి రెండుసార్లు. చలికాలంలో తెల్లపొడి అయితే బూడిద తెగులు: నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంధకం ఆకును మాడుస్తుంది, వేపనూనె కొట్టిన రెండు మూడు వారాల్లో కూడా వాడవద్దు. ఈ పొడి మందులన్నీ తెల్ల రేకు మీద మరక వదులుతాయి, మొగ్గ విచ్చే ముందే ముగించండి.

రకం పేరు లేకుండా కొనకండి అన్నది ఇంకోసారి కొనేటప్పటి మాట. ‘పాస్కాలి’ (1963, బెల్జియం) నమ్మకమైన తెల్ల రకం. వాసన తక్కువే కానీ తడికి మిగతావాటి కంటే తట్టుకుంటుంది. ‘జాన్ ఎఫ్. కెనడీ’ (1965, అమెరికా) మొగ్గలో కొంచెం పచ్చ ఛాయ, పువ్వు పెద్దది, వాసన ఉంటుంది. ‘వర్గో’ (1947, ఫ్రాన్స్) మొగ్గ రూపం చాలా అందం కానీ బూడిద తెగులు త్వరగా పట్టుకుంటుంది. చాలాచోట్ల తెల్ల గులాబీ అని అమ్మే ‘ఐస్‌బర్గ్’ (1958, జర్మనీ) హైబ్రిడ్ టీ కాదు, గుత్తులుగా పూసే ఫ్లోరిబండా. మొక్కగా అన్నింటికంటే గట్టిది, కానీ ఒక్క కాడకు ఒక్క పెద్ద పువ్వు దానినుంచి ఆశించకూడదు. మీ మొక్క పూలు ఐదారు కలిసి గుత్తిగా వస్తుంటే, రేకులు తక్కువగా వదులుగా ఉంటే, అదే అయ్యుండొచ్చు. గుత్తి పూసిన ఫొటో ఒకటి పెడితే చెప్పగలను.

మార్చి దాటాక పువ్వు చిన్నదై, రేకులు తగ్గి, ఒక్కరోజులో విచ్చుకుని వాడిపోతుంది. అది రోగం కాదు, వేడి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన మొగ్గలు తుంచేసి మొక్కకు ఆకు పెంచుకోనివ్వండి. మధ్యాహ్నం పన్నెండు తర్వాత 50 శాతం నీడనిచ్చే వల కట్టండి. డాబా గచ్చు వేడి నేరుగా తగలకుండా కుండీకి గోనెసంచి చుట్టి తడపండి. ఆ రోజుల్లో ఎర్రనల్లి ఆకుల అడుగున చేరుతుంది, పైన సన్నటి పసుపు చుక్కలు, కింద బూజులాంటి గూడు కనిపిస్తుంది. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు భాగాన్ని గట్టిగా కడగండి, వరసగా వారం రోజులు. ఆకులు ఎండ ముదిరేలోపే ఆరిపోతాయి కాబట్టి ఆ నెలల్లో తడితో తెగులు భయం లేదు.